పన్నెండమ్మ లెక్క

తొమె అంటే 'ఇక ఆపు' అని. వరసగా నలుగురూ ఆడపిల్లలే పుట్టేసరికి మా నాన్న కిహాచి నాకు ఆ పేరు పెట్టి దేవుళ్ళకు మొర పెట్టుకున్నాడు. దేవుళ్ళు విన్నారు. నా తర్వాత మా ఇంట్లో ఆడపిల్లా పుట్టలేదు, మగపిల్లాడూ పుట్టలేదు. అక్కలు ముగ్గురూ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. ఇంట్లో మిగిలింది నేను. పేరు ఆపే గానీ, ఎవరు ఆపినా ఆగే రకాన్ని కాదు.

ఇది నా పందొమ్మిదో ఏటి వసంతం సంగతి. యుద్ధం ముగిసి అప్పటికి పదమూడేళ్ళు. ముందటి శరదృతువులో మా నాన్న కొండచరియ మీద నుంచి జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. చలికాలమంతా మంచులో ఊరు కూరుకుపోయి ఉంటే, ఆయన పొయ్యి పక్కన పడుకుని ఒకే ఒక్క చెట్టు గురించి మాట్లాడుతూ గడిపాడు.

మా లోయలో మగవాళ్ళ పని అదే. సున్నపురాయి చరియల మీద తాళ్ళకు వేలాడి షింపాకు చెట్లు దించుతారు. అవి రాతి పగుళ్ళలో పుట్టి, వందల ఏళ్ళు మంచుకూ గాలికీ మెలితిరిగి, రెండు మూరలు కూడా ఎదగని మొండి చెట్లు. ఒళ్ళంతా తెల్లగా చచ్చిపోయి ఉంటుంది, ఒక పక్క మాత్రం సన్నటి ఎర్ర బెరడు పట్టీ బతికుంటుంది. దాన్ని మేం నీళ్ళదారి అంటాం. పట్నం వాళ్ళు ఈ చెట్లను తొట్లలో నాటి, రాగి తీగ చుట్టి ఒంచి, బోన్సాయ్ అని పేరు పెట్టి, వాటి ముందు మోకాళ్ళ మీద కూర్చుంటారు. కొండ మీద అవి మమ్మల్ని పడగొట్టి చంపుతుంటే మాత్రం ఎవరూ చూడరు.

చెట్టును కనిపెట్టినవాడు దాని మొదలుకు గడ్డితాడు కడతాడు. ఆ తాడు కట్టాక మూడు వసంతాల దాకా చెట్టు అతనిది. ఒక్కసారిగా పెకలిస్తే షింపాకు బతకదు కాబట్టి ఏడాదికో వేరు కోసి, కోసిన చోట తడి నాచు కూరి, మెల్లగా కొండ నుంచి విడదీస్తారు. మూడో ఏడు వరినాట్లు ముగిసేలోగా దించుకోకపోతే ఆ చెట్టును ఎవరైనా దించుకోవచ్చు. కాకిముక్కు అనే చరియ కింద నాన్న గడ్డితాడు కట్టిన చెట్టుకు అది మూడో వసంతం. చేతికందే చెట్లన్నీ అప్పటికే పట్నాలకు వెళ్ళిపోయాయి. ఇది పోతే నాన్నకు ఇంకో చెట్టు లేదు, ఇంకో చరియ దిగే కాళ్ళూ లేవు.

నాట్లకు ఇరవై రోజులుందనగా ఇవాకిచి మామ సాకె సారా సీసా చంకన పెట్టుకుని వచ్చాడు. ఇరవై ఐదేళ్ళుగా నాన్న దిగుతుంటే పైన తాడు పట్టిన మనిషి ఆయన.

"తుంటి ఎలా ఉంది కిహాచీ?"

"ఇన్నాళ్ళూ నాకు తుంటి ఒకటి ఉందనే తెలీదు. ఇప్పుడు తెలుస్తోంది."

ఇద్దరూ రెండేసి గిన్నెలు తాగారు. మామ గొంతు సవరించుకున్నాడు. "నీ గడ్డితాడు ఈ నాట్లతో సరి. నా మాట విను. మా రెండోవాడు బుంజి ఉన్నాడు కదా, వాణ్ణి మీ ఇంటికి ఇల్లరికం ఇచ్చేస్తా. అల్లుడంటే కొడుకే. కొండ మీద నీ హక్కు వాడికొస్తుంది, చెట్టు ఎక్కడికీ పోదు."

నేను వెనక గదిలో ముల్లంగి తరుగుతున్నాను. కత్తి ఆగింది గానీ నోరాగలేదు. "బుంజి బావా? పోయినేడు పండ్లు కోస్తానని నిచ్చెనెక్కి, మూడో మెట్టు మీద కళ్ళు మూసుకుని వాళ్ళమ్మను పిలిచాడు. ఆయన కాకిముక్కు దిగుతాడా?"

"వాడు పైన తాడు పట్టుకుంటాడమ్మాయ్. దిగేది నేను."

"అంటే దించేది మీరు, హక్కు మీ అబ్బాయిది. మరి మా వాటా ఏంటి మామా, గడ్డితాడా?"

"చూశావా కిహాచీ? దీనికి తగ్గ మొగుడు ఈ లోయలో దొరకడు. నేను జాలిపడి ఇస్తానంటుంటే..." మామ లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఈసారి నవ్వకుండా అన్నాడు. "ఆలోచించుకో. నాట్లయ్యాక నేను ఎవర్నీ అడగక్కర్లేదు."

నాన్న తీరుకి నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళు ప్రాణం పెట్టి సిద్ధం చేసిన చెట్టు, ఇంకొకడు దించుకుపోతానంటే సీసా వంక చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన తుంటికి వేడి గుడ్డ కాపడం పెడుతూ అన్నాను, "నేను దించుకొస్తా."

"ఏంటి?"

"చెట్టు. కాకిముక్కు కిందకి నాచు మోసింది ఎవరు, నేను కాదా? దారి తెలుసు. ఉలి పట్టడం తెలుసు. చలికాలమంతా నువ్వు చెప్పిందే చెప్పావు, నాకు కంఠతా వచ్చేసింది. కుడి పక్క లావు వేరు ఉంచాలి. కింద పగుల్లో ఉన్నవి ఉత్త తీగలు, కోసెయ్యాలి. అంతేగా?"

"కొండ పాదం దాకా నాచు మోయడం వేరు, చరియ మీద తాడు పట్టడం వేరు. ఆడదాన్ని పైకి తీసుకెళ్ళడమంటే పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమే. పన్నెండమ్మ ఊరుకుంటుందా?"

పన్నెండమ్మ మా కొండ దేవత. ఏడాదికి పన్నెండు మంది పిల్లల్ని కంటుందని ఆ పేరు. చూడ్డానికి బాగుండదట, అందుకని ఇంకో ఆడది కొండ మీద కనబడితే కుళ్ళుకుంటుందట. ఆమెను మంచి చేసుకోవడానికి మా మగవాళ్ళు ఒకొజె అనే సముద్రపు చేపను ఎండబెట్టి, కాగితంలో చుట్టి, రొమ్ము దగ్గర బట్టల మడతలో దాచుకుని వెళ్తారు. ఒళ్ళంతా ముళ్ళు, బుడిపెలు, తెరుచుకున్న నోరు, దానంత అనాకారి చేప ఇంకోటి లేదు. తనకంటే వికారమైనది ఒకటుందని చూస్తే అమ్మవారికి సంతోషం. అందుకని "తల్లీ, చెట్టు ఇప్పించు, నీకు చేపను చూపిస్తాం" అని మొక్కుతారు. చెట్టు దొరికాక చూపిస్తారా? చూపించరు. ఇంకో కాగితం చుట్టి, "వచ్చేసారి తప్పకుండా" అంటారు. మా చేప తాత నాటిది. చిన్న గుమ్మడికాయంత అయింది.

"ఇరవై ఏళ్ళ కిందట ఏమైందో మీ అమ్మనడుగు" అన్నాడు నాన్న.

అడగక్కర్లేదు. ఆ కథ లోయలో అందరికీ తెలుసు. నేను కడుపులో ఉండగా మా అమ్మ సెకి, పెరట్లో ఆరబెట్టిన కొండతాడును చూసుకోకుండా దాటింది. ఆ ఏడు నాన్న తెచ్చిన పెద్ద చెట్టు ఎండిపోయింది. ఆ పాపం అమ్మ మీద పడింది. అప్పట్నుంచి అమ్మ తాడు ముట్టదు. పెరట్లో తాడు ఆరేసి ఉంటే ఇల్లంతా చుట్టి వచ్చి బావి దగ్గరికి వెళ్తుంది, వానలోనైనా సరే.

అమ్మ అప్పుడు అన్నం గిన్నె తోముతోంది. తల ఎత్తలేదు.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా" అన్నాడు నాన్న, నన్ను చూసి.

"మానులు వంగుతాయనేగా నాన్నా మనం తింటున్నాం."

"నోరు తగ్గించుకోవే" అంది అమ్మ, గిన్నె వైపే చూస్తూ. ఆమె అన్నది అంతే.

ఇక నేను ఎవరినీ అడగదలుచుకోలేదు. రోజు మాత్రం ఎంచుకున్నాను. వసంతంలో నాట్లకు ముందొచ్చే పన్నెండో తారీఖున మా మగవాళ్ళెవరూ కొండ ముఖం చూడరు. ఆ రోజు పన్నెండమ్మ తన చెట్లన్నిటినీ లెక్కపెట్టుకుంటుంది. పొరపాటున మనిషి కనబడితే వాణ్ణీ చెట్టుగా లెక్కేస్తుంది. లెక్కలో పడ్డవాడు ఇక కొండ దిగడు. అందుకని మగవాళ్ళంతా ఇళ్ళలో బియ్యప్పిండి ముద్దలు తింటూ, సాకె తాగుతూ కూర్చుంటారు. నన్ను ఆపడానికి కొండ మీద ఒక్క మగపురుగు లేని రోజు అదొక్కటే.

పన్నెండో తారీఖు తెల్లవారుతుండగా, కొండకూర కోసుకొస్తానని చెప్పి బయల్దేరాను. బుట్టలో ఉలి, సుత్తి, రంపం, నాచు. భుజాన ముడులు వేసిన తాడు. దాన్ని పైన చెట్టుకు కట్టి, ముడులు పట్టుకుని ఒంటరిగా దిగుదామని నా తెలివి. కొండ మడతల్లో మంచు ఇంకా కరగలేదు. కాకిముక్కు పైకి చేరేసరికి ఎండ వచ్చింది. అంచున ఉన్న లావాటి మానుకు తాడు కడుతుంటే, వెనక ఎవరో ఆయాసపడుతూ వస్తున్నట్టు వినిపించింది.

మా అమ్మ. భుజం మీద నాన్న తాడు చుట్ట.

"కొండకూర కోయడానికి ఇంత తాడెందుకే?" అంది.

"నువ్వెందుకొచ్చావ్?"

"నడుముకు తాడు లేకుండా, పైన పట్టేవాళ్ళు లేకుండా దిగుదామనే? అచ్చం మీ నాన్న కూతురివి. ధైర్యం బారెడు, బుర్ర బెత్తెడు."

చుట్టను భుజం మీంచి దించి, తాడును నేల మీద పొడుగ్గా పరిచింది. లంగా అంచు కొంచెం ఎత్తి పట్టుకుని తాడును ఇటు నుంచి అటు దాటింది. అటు నుంచి ఇటు దాటింది. ఆగి, ఆలోచించుకుని, ఇంకోసారి దాటింది.

"ఇక పట్టుకుంటా" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే తిడుతుందని తాడు కొస నడుముకు కట్టుకున్నాను. అమ్మ రొమ్ము దగ్గర బట్టల మడతలోంచి కాగితాల ఉండ తీసి నా చేతిలో పెట్టింది. మా ఒకొజె.

"నాన్నకు తెలుసా?"

"తలగడ పక్క నుంచి తీశాను. మెలకువగానే ఉన్నాడు. నన్ను చూసి కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు."

అమ్మ తాడును మానుకు మూడు చుట్లు తిప్పి కాస్త కాస్త వదులుతుంటే, నేను ముడులు పట్టుకుని అంచు దాటాను. కింద నది తెల్లటి దారంలా ఉంది. ఒకసారి చూశాను, ఇక చూడదలుచుకోలేదు. ముఖం రాతి వైపు పెట్టుకుని దిగాను. చెట్టు పక్కకి వచ్చాక నాన్న పద్ధతిలో నడుము తాడును రెండుసార్లు లాగాను. రెండు లాగితే ఆపమని.

తాడు ఆగలేదు. బారెడు వదులైంది. నా చేతులు ముడి మీద నుంచి జారడంతో, చెట్టును దాటి కిందికి పోయి, గాల్లో గిర్రున తిరిగాను. భయమేసి మళ్ళీ రెండు లాగాను. మళ్ళీ బారెడు దిగాను.

"అమ్మా! రెండు లాగితే ఆపాలి!"

"రెండు లాగితే వదలాలి కదే!"

అప్పుడు వెలిగింది. మా ఇంటి వెనక గుట్ట మీంచి నేనూ అమ్మా కట్టెల మోపులు తాడుతో దించుతాం. మా ఇద్దరి మధ్య రెండు లాగితే ఇంకా వదులు అని. మగవాళ్ళ తాడు భాష అమ్మకు ఎవరు నేర్పారు కనక?

"ఇది కట్టెల మోపు కాదే అమ్మా, నేను!"

"మోపయితే నోరు మూసుకుని దిగేది!"

నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతూ తలెత్తాను. చెట్టు నా నెత్తి మీద ఉంది. దాని కడుపు కనిపిస్తోంది.

మూడేళ్ళుగా మా నాన్న చూడనిది అది. మగవాళ్ళంతా పైనుంచి దిగి, చెట్టు పక్కన ఆగి, పైనుంచే చూసి కోస్తారు. చెట్టుకు కిందికి దిగే పని ఎవరికీ ఉండదు. పైనుంచి చూస్తే కుడి పక్క వేరు లావుగా, దిట్టంగా ఉంది, చెట్టు బరువంతా దాని మీదే ఉన్నట్టుంది. కింద నుంచి చూస్తే అది తెల్లటి చచ్చిన కొయ్యలోకి వెళ్ళి ఆగిపోయింది. ఎర్రటి నీళ్ళదారి మాత్రం చెట్టు కడుపును ఒక చుట్టు చుట్టి, వెనక్కి వెళ్ళి, పగుల్లోకి దూరిన వేలెడు లావు తీగలోకి దిగింది. కోసెయ్యమని నాన్న చలికాలమంతా చెప్పిన తీగ అది.

ముడితాడు పట్టుకుని పైకి పాకి, కుడి పక్క లావు వేరుకు రంపం పెట్టాను. పొడి రాలింది, తడి లేదు. ఎన్నో ఏళ్ళ కిందటే చచ్చిపోయిన వేరు. చెట్టు మొత్తం ఒక సన్నటి తీగ మీద బతుకుతోంది.

ఆ తీగను తెంచకుండా తియ్యాలంటే రాయిని తవ్వాలి. మధ్యాహ్నం దాకా తవ్వాను. ఉలి జారి బొటనవేలి గోరు ఊడింది, అది ఇప్పటికీ వంకరగానే ఉంటుంది. మధ్యలో రెండుసార్లు అమ్మ అన్నం ముద్దలు తాడుకు కట్టి దించింది. మొత్తానికి తీగ, దాని కొసన జుట్టులాంటి పిల్ల వేళ్ళు, వాటిని పట్టుకున్న రాతి ముక్కలు అన్నీ కలిసి నా ఒళ్ళోకి వచ్చాయి. తడి నాచు చుట్టి, గడ్డిచాపలో కట్టి పైకి పంపాను. వెనకే నేనూ పాకి ఎక్కాను.

కాసేపు ఇద్దరం నేల మీద పడి ఉన్నాం. తర్వాత నేను లేచి కాగితాల ఉండ తీసుకున్నాను.

అమ్మ చూసి గాభరాపడింది. "ఇంకో కాగితం తెచ్చాను, చుట్టు."

"విప్పుతా."

"వద్దే! విప్పేస్తే వచ్చేసారి ఏం ఆశపెడతాం?"

"చూపిస్తామని మాటిచ్చారు కదమ్మా. చెట్టు ఇచ్చింది. ఇంకేంటి?"

విప్పాను. పైన నాన్న చుట్టిన కాగితాలు, అందులో కొన్ని మా ముగ్గురక్కల బడి పుస్తకాలవి. కింద యుద్ధకాలపు వార్తాపత్రికలు. ఇంకా కింద తాత చేతిరాత. ఒక్కో కాగితం ఒక్కో చెట్టు, ఒక్కో అబద్ధం. చివరికి వేలెడంత చేప బయటపడింది. నల్లగా, ముళ్ళతో, నోరు వెళ్ళబెట్టుకుని. దాని ముఖం ఎంత ఘోరంగా ఉందంటే, నాకూ అమ్మకూ ఒకేసారి నవ్వొచ్చి పొట్ట పట్టుకున్నాం.

చేపను అరచేతిలో పెట్టుకుని కొండ వైపు ఎత్తాను. "తల్లీ, మా మగవాళ్ళు రెండు తరాలుగా చూపిస్తాం చూపిస్తాం అని నిన్ను మోసం చేశారు. ఇదిగో, తనివితీరా చూసుకో. మేమిద్దరం ఆడవాళ్ళమే. లెక్కలో వేసుకుంటావో, ఇంటికి పంపిస్తావో నీ ఇష్టం."

ఇంటికే పంపింది.

నాన్న వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన అక్కడిదాకా ఎలా పాకాడో తెలియదు. చెట్టును ఆయన ముందు పెట్టి గడ్డిచాప విప్పాను. చెట్టును మెల్లగా పక్కకి ఒరిగించి కడుపు వైపు చూశాడు. వేలితో నీళ్ళదారి వెంబడి పోయాడు, చుట్టూ తిరిగి వెనక్కి, కిందికి, తీగ దాకా. అక్కడ వేలు ఆగింది. రంపంతో కోసిన లావు వేరు మొండిని గోటితో గీరి చూశాడు.

"నేనైతే కోసేసేవాణ్ణి" అన్నాడు.

తర్వాత వంటింటి వైపు తిరిగాడు. "సెకీ, ఆ ఏడు ఎండిపోయిన చెట్టు... నువ్వు తాడు దాటినందుకు కాదేమో."

"తెలుసు" అంది అమ్మ. మిసొ చారు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. "చల్లారిపోతుంది, తాగు."

మూడో రోజుకల్లా ఊరంతా పొక్కింది. చెట్లు దించేవాళ్ళ కొండ కూటంలోని తొమ్మిది మంది మగవాళ్ళు మా పెరట్లో నిలబడ్డారు, ఇంట్లోకి అడుగు పెట్టలేదు. ఇవాకిచి మామ ముందున్నాడు.

"ఆడది, అదీ లెక్కల రోజున! చేపను కూడా విప్పేసిందట! ఇక అమ్మవారు మాకెవరికైనా చెట్టు ఇస్తుందా? మీ ఇంటికి కొండ హక్కు ఇవాళ్టితో లేదు. ఆ చెట్టును నదిలో వదిలెయ్యాలి. ఊరికి చేటు."

నాకు నోరు పెగిలేలోపే నాన్న అన్నాడు, "ఏ ఊరికి? ఇరవై ఏళ్ళు నా పెళ్ళాన్ని చేటు అన్నారు. నేనూ అన్నాను. చాల్లే."

"అది చచ్చిన చెట్టు కిహాచీ. ఆడచేతి చెట్టు బతకదు."

"అయితే చూద్దాం. ఈ ఏటి వానలు వెళ్ళేలోగా కొత్త చిగురు రాకపోతే నేనే నదిలో వేస్తా, పాకుతూ వెళ్ళి వేస్తా. వస్తే మాత్రం మా ఇంటి గడ్డితాడు ఇక మీదట మా అమ్మాయి కడుతుంది. మీలో ఎవడూ నోరెత్తకూడదు. సరేనా?"

వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సరే అన్నారు. తప్పకుండా చస్తుందనే నమ్మకంతో అన్నారు.

షింపాకు మహా నటి. చచ్చాక కూడా రెండు నెలలు పచ్చగా నిలబడుతుంది. ఆకు చూసి మోసపోయినవాళ్ళు మా లోయలో కొల్లలు. కొత్త చిగురు కనబడేదాకా ఏదీ చెప్పలేం. చెక్కపెట్టెలో నది ఇసక పోసి, అందులో నాటి, నీడన పెట్టి, రోజుకు ఐదారుసార్లు నోటితో నీళ్ళు చిమ్మాను. నాట్లు వచ్చాయి, అయిపోయాయి. మా పొలానికి సాయం ఎవరూ రాలేదు, అమ్మా నేనే నాటాం. బావి దగ్గర ఆడవాళ్ళు మమ్మల్ని చూసి మాట ఆపేసేవాళ్ళు. వానలు మొదలయ్యాయి. చెట్టు రంగు కాస్త మందగించింది. నాకు నిద్ర పట్టేది కాదు. చస్తే పోయేది చెట్టు ఒక్కటే కాదు, అమ్మ నెత్తి మీద ఇరవై ఏళ్ళ నింద మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఈసారి నా నెత్తి మీద కూడా.

వానలు వెనకబట్టే వారంలో మొతెగి గారు వచ్చారు. ఏటా పట్నం నుంచి వచ్చి మా లోయ చెట్లు కొనుక్కెళ్ళే పెద్దమనిషి. ఆయన వచ్చారని తెలిసి కూటం వాళ్ళూ వెనకే వచ్చారు, తీర్పు చెప్పేద్దామని. మొతెగి గారు కళ్ళద్దాలు తుడుచుకుని చెట్టు మీదికి వంగారు.

"చిగురే" అన్నారు. "ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ కూడా. ఎవరు దించారో గానీ గట్టి మనిషి."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తలకు కట్టుకున్న గుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటోంది.

"దీని ముఖం ఎటు?" అని మొతెగి గారు నాన్ననడిగారు. ఏ చెట్టుకైనా ముందు ముఖం నిర్ణయించాలి, ఆ తర్వాతే తీగ చుట్టడం, కొమ్మ కోయడం.

"దాన్నడగండి" అని నాన్న గడ్డంతో నన్ను చూపించాడు.

పెరట్లో పిండి దంచే రోలు బోర్లించాను. చెట్టు పెట్టెను దాని మీదికెక్కించి, వెనకభాగం ముందుకొచ్చేలా తిప్పాను. "ఇలా నిలబడి చూస్తే కనబడదు. కూర్చుని, కింద నుంచి చూడాలి."

మొతెగి గారు గొంతుక్కూర్చుని తలెత్తారు. చాలాసేపు లేవలేదు. ఆయనేం చూస్తున్నారో అని కూటం వాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి కూర్చున్నారు. ఇవాకిచి మామ చివర్న కూర్చున్నాడు. తొమ్మిది మంది మగవాళ్ళు మా పెరట్లో గొంతుక్కూర్చుని, నేను తాడుకు వేలాడుతూ చూసిన దాన్ని చూశారు.

మొతెగి గారు లేచి, పెట్టెకు కట్టే చెక్కముక్క, కుంచె తీశారు. "దించినవారు కిహాచి అని రాస్తున్నా."

"తొమె అని రాయండి" అన్నాను.

"అమ్మాయ్, ప్రదర్శనలో ఆడపేరుంటే..."

"అయితే రాయకండి. చెట్టు కూడా ఇక్కడే ఉంటుంది."

"ఇక్కడుంచి ఏం చేస్తావ్? ఎవరు ఒంచుతారు, ఎవరు తీగ చుడతారు?"

"దించినవాళ్ళే."

ఆయన కోపగిస్తారనుకున్నాను. నావైపు, నా వంకర గోరువైపు చూసి, చెక్కముక్కను సంచిలో వేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ వసారా అంచున రాగి తీగ చుట్ట ఒకటి పెట్టారు. "ఇంకా రెండేళ్ళు దాన్ని ముట్టుకోకు. తొందరపడితే చంపుతావ్" అన్నారు. అది నాకూ తెలుసు. అయినా తల ఊపాను.

అందరూ వెళ్ళాక ఇవాకిచి మామ మాత్రం కంచె దగ్గర తచ్చాడాడు.

"నిజంగా మొత్తం విప్పి చూపించావా?"

"చూపించా."

"అమ్మవారు ఏమంది?"

"నవ్వింది మామా. మీదీ విప్పి చూపించండి, మీకే తెలుస్తుంది."

మామ చెయ్యి చటుక్కున రొమ్ము మీదికి, తన చేప మీదికి పోయింది. గబగబా వెళ్ళిపోయాడు. ఆయన బతికున్నంత కాలం విప్పలేదు.

రెండేళ్ళ తర్వాత నేనే రాగి తీగ చుట్టాను. ఒంచింది తక్కువ, గాలి ఒంచిన దాన్ని చెడగొట్టకుండా చూసుకున్నది ఎక్కువ. మొతెగి గారు పోయేదాకా ఏటా వచ్చి అడిగేవారు, నేను ఇవ్వలేదు. ఆ తర్వాత ఎన్నో చరియలు దిగాను, ఎన్నో గడ్డితాళ్ళు కట్టాను. ప్రతిసారీ చెట్టు పైకి రాగానే చేపను చూపించాను.

ప్రతి వసంతం పన్నెండో తారీఖున మాత్రం చెట్టు కోసం కాదు, ఊరికే కాకిముక్కు ఎక్కుతాను. అంచున ఆ లావాటి మాను పక్కన, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కదలకుండా నిలబడతాను. లెక్కపెట్టే రోజునే కొండ మీది నుంచి నేను ఒక చెట్టు తెచ్చుకున్నాను కదా, పన్నెండమ్మ లెక్క తగ్గకూడదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ నాతో వచ్చి నా పక్కన నిలబడేది. ఆ ఏళ్ళలో అమ్మవారికి ఒక చెట్టు ఎక్కువే వచ్చి ఉంటుంది.